తప్పింది అన్న మాట

శింగనమల,
18 నవంబర్ 2024, సోమవారం.

ఈ రోజు పనులు: బర్రెలకు మేత, పేడ. కుళాయి నీళ్లు ఎనిమిది బిందెలు. జొన్నరొట్టెలు పద్నాలుగు. శనక్కాయలు ఎండబోసి సాయంత్రం మళ్లీ ఎత్తడం. మా అత్త కాళ్లకు నూనె. ఇంగ్లీషు గైడులో పన్నెండు ప్రశ్నలు; ఏడు తప్పు.

చిరంజీవి ప్రసూనకు, మేనత్త హేమావతి దీవించి రాస్తున్నది.

మీ కోచింగ్ హాస్టల్‌లో ఆదివారం పది నిమిషాలే ఫోను ఇస్తారని, ఆ పది నిమిషాలు మీ నాయనకే చాలవని మీ అమ్మ చెప్పింది. అందుకని కాగితం పట్టాను. శింగనమల నుంచి నంద్యాలకు ఉత్తరం మూడు రోజుల్లో చేరుతుందని పోస్ట్‌మన్ అన్నాడు. చూద్దాం.

నేను ఓపెన్ ఇంటర్ కట్టాను. మిగతా పరీక్షలు పోయినేడు దాటాను. ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది, మార్చిలో ఉంది. మీ మామకు తెలుసు, మా అత్త ఆంజినమ్మకు తెలుసు, ఇప్పుడు నీకు తెలుసు. మీ నాయనకు చెప్పకు. ఎందుకని అడగకు.

కష్టమంతా ఒక్క చోటే వస్తోంది. నాలుగు వాక్యాలు కలిపేసి ఇస్తారు, మనం వరుసలో పెట్టాలి. మొన్న టీ కాచడం గురించి ఇచ్చారు. నేను చక్కెర ముందు వేశాను. గైడు ప్రకారం చక్కెర చివర. ఇరవై ఏడేళ్లుగా ఈ ఇంట్లో చక్కెర ముందే పడుతోంది, ఎవరూ వంక పెట్టలేదు. ఇప్పుడు మార్కు పోయింది. మా అత్త అంది: "ఆ గైడు రాసినోడు పొయ్యి కాడికి ఎప్పుడన్నా పోయినాడా?"

గైడులో ఉన్నవన్నీ రెండుసార్లు చేశాను. ఇక నేనే నాలుగు వాక్యాలు తయారు చేసి, చీటీలుగా కత్తిరించి కవర్లో వేస్తున్నాను. వరుసలో పెట్టి, ఇంగ్లీషులోకి మార్చి పంపు. నువ్వు ఎలా ఆలోచించావో కూడా రాయి. ఆ నాలుగు ఇవి:

గేటు దగ్గర సారు వెనక్కి పంపించాడు.
చెల్లెలు ఇంగ్లీషు పరీక్ష తప్పింది.
పెట్టె తెరిచి చూస్తే హాల్ టికెట్ లేదు.
అన్న హాల్ టికెట్ తీసి తన సంచిలో పెట్టుకున్నాడు.

శనక్కాయల మీద మబ్బు వస్తోంది. వానకాలమంతా రాని మబ్బు, ఎండబోసిన రోజు వస్తుంది. లేస్తాను.

మీ అత్త,
హేమావతి


నంద్యాల,
26 నవంబర్ 2024.

అత్తకు నమస్కారాలు.

నీ ఉత్తరం చేరడానికి ఐదు రోజులు పట్టింది. మా వార్డెన్ కవరు పైకెత్తి వెలుతురులో చూసింది. లోపల చీటీలు కనిపించేసరికి ఏదో పసిగట్టినట్టు నా ముందే విప్పించింది. చదివి, "మీ అత్తకు ఎన్నేళ్లు?" అంది. నలభై ఆరు అన్నాను. ఆ రోజు నుంచి నన్ను కొంచెం మర్యాదగా చూస్తోంది.

ఇక్కడ పొద్దున ఉప్మా, రాత్రి ఉప్మా. నీ సంగటి, ఊరుబిండి పచ్చడి గుర్తుకొచ్చి ఏడుపొస్తుంది.

పాఠానికి వస్తాను. మా సారు మూడు కిటుకులు చెప్పాడు. ఒకటి, 'అది', 'ఆమె', 'వాడు' అని మొదలయ్యే వాక్యం మొదట రాదు. ఎవరో ఏమిటో ముందే తెలియాలి కదా. రెండు, 'కానీ', 'కాబట్టి' అన్నవి కూడా మొదట రావు. మూడు, ఒకదానికొకటి అంటుకునే రెండు వాక్యాలు వెతికి జత కట్టాలి. అప్పుడు నాలుగు కాస్తా మూడవుతాయి.

నీ చీటీలు బెడ్డు మీద పరిచాను. రెండు నిమిషాల్లో వచ్చేసింది. మొదటిది: చెల్లెలు ఇంగ్లీషు పరీక్ష తప్పింది. ఆ తర్వాత ఏడు మళ్లీ కట్టింది. మళ్లీ తప్పితే పిల్ల కుమిలిపోతుందని అన్న హాల్ టికెట్ తీసి తన సంచిలో పెట్టుకున్నాడు. అది తెలియక ఆమె పెట్టె తెరిచి చూస్తే లేదు. గేటు దగ్గర సారు వెనక్కి పంపించాడు. ఇంగ్లీషులో మొదటి వాక్యం ఇలా వస్తుంది: ద సిస్టర్ ఫెయిల్డ్ ఇన్ ఇంగ్లిష్. మిగతావి వెనక పేజీలో రాశాను. మా సారుకు కూడా చూపించాను, కరెక్టన్నాడు.

కథ బాగుంది అత్తా. ఆ అన్నకు చెల్లెలంటే ఎంత ప్రాణమో. నాకు అన్న లేడు కాబట్టి కొంచెం కుళ్లు కూడా పుట్టింది. ఇలాంటివి ఇంకా పంపు.

చక్కెర విషయంలో గైడుదే తప్పు. మా ఇంట్లో కూడా ముందే వేస్తాం.

నీ మేనకోడలు,
ప్రసూన


శింగనమల,
7 డిసెంబర్ 2024, శనివారం.

పనులు: నీళ్లు ఆరు బిందెలే, కరెంటు పోయింది. రొట్టెలు పదహారు, ఇంటికి మనిషి వచ్చాడు కాబట్టి. కందులు జల్లించడం. ఇంగ్లీషు ఇరవై ప్రశ్నలు, నాలుగే తప్పు. నీ మూడో కిటుకు పనిచేస్తోంది.

ప్రసూనకు అత్త ఆశీస్సులు.

నీ జవాబు తప్పు. నాలుగు మార్కులకు సున్నా. మీ సారుకు కూడా సున్నా.

'తప్పింది' అన్న వాక్యం చివరిది. అన్న తీసి సంచిలో పెట్టుకున్నాడు. పెట్టె తెరిచి చూస్తే లేదు. గేటు దగ్గర సారు వెనక్కి పంపించాడు. చెల్లెలు పరీక్ష తప్పింది. ఈ మాట మొదట పెడితే ఫెయిల్ అయిందని అర్థం. చివర పెడితే రాయనే లేదని అర్థం. తెలుగులో రెండింటికీ ఒకటే మాట ఉండడం వల్ల ఒక మనిషి ఇరవై ఏడేళ్లు బాగా బతికాడు.

ఆ మనిషి మీ నాయన. ఆ చెల్లెలు నేను.

1997లో మేము విడపనకల్లులో ఉన్నాం. మీ నాయన ఇంటర్ ఇంగ్లీషు అప్పటికి రెండుసార్లు తప్పాడు. నాది మొదటిసారి. ఇద్దరికీ ఉరవకొండలో ఒకే సెంటరు, ఒకే రోజు. తెల్లవారి నా రేకు పెట్టెలో హాల్ టికెట్ లేదు. బస్సు పోతుందని ఉత్త చేతులతో వెళ్లాను. గేటు దగ్గర సారు నిబంధన ప్రకారం పంపించేశాడు, ఆయన మీద నాకేమీ లేదు. మూడు గంటలు చింతచెట్టు కింద కూర్చున్నాను. పరీక్ష రాసి బయటికి వచ్చిన మీ నాయన సంచిలో పెన్ను పెట్టుకుంటుంటే నా ఫోటో ఉన్న కాగితం కనబడింది. నేను చూశానని ఆయనా చూశాడు. ఒకే బస్సులో ఇంటికి వచ్చాం. ఆ ఏడు చివరలో నాకు పెళ్లయింది.

అంతటితో ఊరుకుని ఉంటే నేనూ ఊరుకునేదాన్నేమో. నీకు తెలిసిందే, ఏ పెళ్లికి పోయినా, ఏ పేరంటానికి పోయినా నలుగురు చేరగానే మొదలుపెడతాడు: "నేను మూడు మార్లు కట్టి నాలుగో మారుకు దాటినా. మా హేమ ఒగే మారుకు తప్పి చేతులెత్తేసింది. ఆడోళ్లకు ఓపిక యాడుంటాదప్పా?" అందరూ నవ్వుతారు.

నా దగ్గర లాంగు నోటుబుక్కు ఉంది. ఇంట్లోంచి బయటికి పోయినవన్నీ దాంట్లో రాస్తాను. చేట, పెరుగు తోడు, చక్కెర గ్లాసు, ఎవరు తీసుకున్నారు, ఏ రోజు. తిరిగి వస్తే ఎదురుగా 'ముట్టింది' అని రాస్తాను. దాని వెనక పేజీల్లో ఇంకో పట్టీ ఉంది. తేదీ, ఎవరి శుభకార్యం, ఎంతమంది నవ్వారు. నేను చెవులారా విన్నవే రాశాను. నలభై ఒకటి. ఒక్కదాని ఎదురుగా కూడా 'ముట్టింది' లేదు.

ఈ రోజు వచ్చిన మనిషి మీ నాయనే. గుత్తిలో మీ కొత్త ఇల్లు పూర్తయింది, ఫిబ్రవరి 7 గృహప్రవేశం అని చెప్పడానికి వచ్చాడు. పదహారు రొట్టెల్లో ఐదు తిన్నాడు. చెయ్యి కడుక్కుని అన్నాడు: "ఏం హేమా, ఇంటి ఆడబిడ్డవి నువ్వొగదానివే. పాలు పొంగిచ్చేది నువ్వే. ముందు రోజే రావల్ల."

వస్తానన్నా అన్నాను. ఇన్నేళ్లలో ఆయన నా దగ్గరికి వచ్చి ఒకటి కావాలని అడగడం ఇదే మొదలు.

మీ అత్త,
హేమావతి


నంద్యాల,
23 డిసెంబర్ 2024.

అత్తకు.

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను.

నువ్వు నాతో ఇంగ్లీషు నేర్చుకోవడానికి రాశావా, నాయన మీద నాతో సాక్ష్యం రాయించుకోవడానికి రాశావా? నా చేతనే ఆయన చేసింది ఇంగ్లీషులోకి మార్పించావు. 'ఆ అన్నకు ఎంత ప్రాణమో' అని నేను రాసింది చదివి నువ్వు ఎలా నవ్వుకున్నావో నాకు తెలుసు. ఇప్పుడు గృహప్రవేశానికి వస్తానన్నావు. వచ్చి ఏం చేస్తావు? పాలు పారబోస్తావా? అమ్మ ఆ ఇంటి కోసం పదేళ్లు చెవులకు కమ్మలు లేకుండా తిరిగింది. ఆ సంగతి నీ నోటుబుక్కులో ఉందా?

మొన్న ఆదివారం ఫోనులో నాయననే అడిగేశాను. "హేమత్త హాల్ టికెట్ నువ్వు తీసినావా?" అన్నాను. నాకున్న పది నిమిషాల్లో మూడు నిమిషాలు ఆయన కొత్త ఇంటి రంగుల సంగతి చెప్పాడు. తర్వాత అన్నాడు: "మా యమ్మ తీసియ్యమంటే తీసినా పాపా. ఆడపిల్ల దాటి, మగపిల్లోడు మళ్లా తప్పితే ఊర్లో యెట్ల తిరగల్ల అనింది. నాకేం తెలుసు, అప్పుడు నాకు ఇరవై."

అంటే ఓబులవ్వ చెప్పింది. నీ నాలుగు వాక్యాలకు ముందు ఇంకో వాక్యం ఉంది అత్తా. అది నీ కవర్లో లేదు. ఐదు వాక్యాల లెక్కను నాలుగింటితో చేస్తే వరుస ఎలా సరిపోతుంది? ఇది నువ్వే చెప్పాలి, లెక్కలు నీవి కదా.

ఓబులవ్వ పోయి పదకొండేళ్లయింది. నాయనకు షుగరు. వదిలెయ్యమని అడుగుతున్నాను.

ప్రసూన


శింగనమల,
3 జనవరి 2025, శుక్రవారం.

పనులు: నీళ్లు ఎనిమిది. రొట్టెలు పన్నెండు, రెండు మాడాయి. ఇంగ్లీషు లేదు.

ప్రసూనకు.

నీ ఉత్తరం పొయ్యి దగ్గర చదివాను. అందుకే ఆ రెండు మాడాయి. నా పెళ్లయ్యాక నేను రొట్టె మాడ్చడం మా అత్త చూడలేదు. ఎవరు పోయారని అడిగింది.

అమ్మ చెప్పిందని నాకు తెలియదు. ఆ రోజు నేను ఇంటికి వచ్చి ఏడుస్తుంటే నా తల ఒళ్లో పెట్టుకుని, "పోనీలే తల్లీ, పేపరు కష్టమంట" అంది. ఆ మాట ఇన్నేళ్లు దాచుకున్నాను. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.

నువ్వు అడిగిన లెక్క చేశాను. రెండు రోజులు పట్టింది. హాల్ టికెట్ దాచిన సంగతి మీ నాయన పద్దులోంచి తీసేశాను. అది అమ్మ పద్దు. అమ్మ లేదు, వసూలు లేదు, ఆ పేజీ మూసేశాను. కానీ ప్రతి పెళ్లిలో నన్ను నిలబెట్టి నవ్వమని అమ్మ చెప్పలేదు. నలభై ఒక్క మారూ నోరు తెరిచింది ఆయనే. ఇరవై ఏళ్ల పిల్లోడు కాదు, నలభై ఎనిమిదేళ్లవాడు. మొన్న నవంబర్‌లో సీమంతంలో కూడా చెప్పాడు. ఆ పేజీ మూయను. షుగరున్న మనిషికి నిజం చెప్పడం అపథ్యమేమీ కాదు.

పాలు పారబోయను. నేను చేసే పని ఏదీ నేల పాలు కాదు, ఆ మాత్రం నీకు తెలియాలి. మీ అమ్మ కమ్మల సంగతి నోటుబుక్కులో లేదు. ఈ రోజు రాసుకున్నాను.

నువ్వు అడిగినప్పటి నుంచి మీ నాయన నా ఫోను ఎత్తడం లేదు. హేమ రాకపోతే చిన్నాయన కూతురు మారెక్క ఉండాదిలే, వరసకు ఆమె కూడా ఆడబిడ్డే అని మీ అమ్మతో అన్నాడట. మారెక్కకు ఫోను చేశాను. నా పట్టీలోని పద్దెనిమిది చోట్ల మారెక్క అక్కడే ఉంది. నవ్వనిది ఆమె ఒక్కతే. అంతా విని, "ఏడో తేదీ నాకు మోకాలు నొస్తాది. ముగ్గు కాడ కూడా వంగలేను" అంది.

కాబట్టి నేనే వెళ్తున్నాను.

మీ అత్త


నంద్యాల,
25 జనవరి 2025.

అత్తకు నమస్కారాలు.

నేను గృహప్రవేశానికి రావడం లేదు. ఎనిమిదో తేదీ పొద్దున్నే నాకు పరీక్ష, సెంటరు కర్నూలు. నాయన ఫోను చేసి అన్నాడు: "పరీక్ష మళ్లా వస్తాది పాపా, ఇల్లు మళ్లా రాదు. వచ్చెయ్." ఆయన ప్రేమగానే అన్నాడు, అది నాకు తెలుసు. అయినా ఫోను పెట్టేసి మొదట చేసిన పని, హాల్ టికెట్ దిండు గలీబులో పెట్టి కుట్టేశాను.

అది కుడుతుంటే నీ పెట్టె గుర్తొచ్చింది. పోయిన ఉత్తరంలో నీ మీద అరిచినందుకు సిగ్గుగా ఉంది.

నీ చీటీలు మళ్లీ పరిచాను. ఈసారి ఒక తప్పు దొరికింది, నీది. వరుస నువ్వు చెప్పిందే సరి. కానీ అన్న మొదటి వాక్యంలో ఉన్నప్పుడు చివరి వాక్యంలో 'చెల్లెలు తప్పింది' అంటే అతకదు. అన్నకు సంబంధమే లేనట్టు, చెల్లెలే తప్పినట్టుంటుంది. క్రియ మారాలి. 'తప్పింది' కాదు, 'తప్పించాడు'. మా సారును అడగలేదు. అక్కర్లేదనిపించింది.

ఇంకొకటి అడగాలి. మా ఊళ్లో బాలప్ప మామ కూతురి పెళ్లిలో నాయన ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. అందరికంటే గట్టిగా నవ్వాను, నాకు పన్నెండేళ్లు. నువ్వు నా జడ వేస్తున్నావు. నీ చెయ్యి ఆగింది, మళ్లీ వేశావు. నీ పట్టీలో నా పేరు ఉందా?

ప్రసూన


శింగనమల,
8 ఫిబ్రవరి 2025, శనివారం.

నిన్నటి పనులు: పాలు పొంగించడం, ఒకటి.
ఈ రోజు: బర్రెలు, పేడ, నీళ్లు ఎనిమిది, రొట్టెలు పద్నాలుగు. ఇంగ్లీషు ఇరవై ప్రశ్నలు, ఒకటి తప్పు.

ప్రసూనకు అత్త దీవెనలు. ఈ పూట నువ్వు పరీక్ష రాస్తుంటావు. గలీబు విప్పడానికి కత్తెర పెట్టుకున్నావో లేదో అనుకుంటూ లేచాను.

నీకు మీ అమ్మ ఒక రకంగా, మీ నాయన ఇంకో రకంగా చెప్తారు. నేను వరుసగా చెప్తాను.

ముహూర్తం ఏడు ఇరవై నుంచి ఏడు యాభై. ముందు గోవు లోపలికి వెళ్లింది, వెనక మీ అమ్మానాయనలు కుడికాలు పెట్టి వెళ్లారు. మీ అమ్మ చెవులకు కమ్మలు ఉన్నాయి, నాకు సంతోషమైంది. వంటగది కొత్త గట్టు ముందు పీట వేసి నన్ను కూర్చోబెట్టారు. కొత్త గిన్నెలో పాలు పోశాను, పొయ్యి మీద పెట్టాను. అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుని, అలాగే కూర్చున్నాను. వంటగదిలో, వాకిట్లో, నడవలో కలిపి అరవై మూడు మంది. మీ మామ గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలి వాళ్లు బయటికి పోకుండా.

"ముట్టించు హేమా, టైమైతాంది" అన్నాడు మీ నాయన.

"వరస చెప్పన్నా."

"ఏం వరస?"

"నా ఇంగ్లీషు పరీక్ష వరస. ఇంతమంది నవ్వినారు కదా, ఇంతమందీ విననీ."

ఆయన నవ్వాడు. అలవాటు కొద్దీ అందరి వైపు తిరిగి మొదలుపెట్టాడు. "ఏముండాది, మా హేమ ఒగే మారుకు తప్పి..."

"అది మొదట రాదన్నా" అన్నాను. అగ్గిపెట్టె తెరవలేదు.

అయ్యవారు ఇంకా ఇరవై నిమిషాలే ఉందన్నాడు. మీ అమ్మ నా పక్కన కూర్చుని, "వదినా, నీ కాళ్లు పట్టుకుంటా" అంది. పట్టుకోవద్దు జ్యోతీ, నీకూ నాకూ ఏ బాకీ లేదన్నాను. మోకాలు నొప్పి అన్న మారెక్క తన కాళ్ల మీదే వచ్చి అందరికంటే ముందు కూర్చుంది. "చెప్పప్పా ఈశ్వరప్పా, ఎండకు పాలు ఇరుగుతాయి" అంది.

మీ నాయన చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు బడిలో సారు ఒప్పజెప్పమంటే అలాగే ఎర్రబడేవి. అది చూసి నా మనసు కొంచెం మెత్తబడింది. ఆ కొంచెం పక్కన పెట్టి కూర్చున్నాను.

"హాల్ టికెట్ నేను తీసినా" అన్నాడు. "మా యమ్మ..."

"అమ్మ లెక్క అయిపోయిందన్నా. నీది చెప్పు."

"తీసి నా సంచిలో పెట్టుకున్యా. అది పెట్టె తెరిచి సూస్తే లేదు. గేటు కాడ సారు ఎనక్కి పంపిచ్చినాడు." నాలుగోది నేల చూస్తూ చెప్పాడు. "పరీక్ష తప్పింది."

నేను తల అడ్డంగా ఆడించాను. "అది అతకదన్నా. నీ కూతురు చెప్పింది, క్రియ మారల్లంట."

నీ మాట వినగానే తలెత్తాడు. తర్వాత అందరికీ వినబడేలా అన్నాడు:

"మా హేమ తప్పలేదు. నేను తప్పిచ్చినా."

ఏడు నలభై ఒకటి. అగ్గిపుల్ల గీశాను. పాలు తూర్పు వైపుకే పొంగాయి. అరవై మూడు మందిలో ఒక్కరూ నవ్వలేదు. లెక్కపెట్టాను.

భోజనాలకు ఆయన నా వరుసలో కూర్చోలేదు. వచ్చేటప్పుడు మీ అమ్మ బొట్టు పెట్టి చీర ఇచ్చింది, తీసుకున్నాను. అది ఆడబిడ్డకు రావలసింది, దీనికి బదులు కాదు, కాబట్టి ఈ పద్దులో రాయలేదు. శుభకార్యం పూట అన్నను నలుగురిలో నిలబెట్టానని వాకిట్లో ఇద్దరు ముగ్గురు అనుకున్నారు. అనుకోనీ. మళ్లీ చేయమన్నా చేస్తాను. బస్సులో శింగనమల వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి నవ్వుకుంటూనే ఉన్నానని మీ మామ అంటున్నాడు.

మార్చి పరీక్షకు నా హాల్ టికెట్ వచ్చాక పెట్టెలో పెట్టను. వంటింటి గోడకు మేకు కొట్టాను. అందరూ చూసే చోట దానికే తగిలిస్తాను.

నీ ప్రశ్నకు జవాబు: ఉంది. ముప్పై మూడో నంబరు. '2015 మే, బాలప్ప ఇంటి పెళ్లి, గుత్తి. ప్రసూన కూడా.' నువ్వు అడిగిన ఉత్తరం చేరిన రోజే దాని ఎదురుగా రాసేశాను. మిగిలిన నలభై రాత్రి ఇంటికి వచ్చి, చీర మార్చుకోకుండానే రాశాను. ఒక్క గీతతో కొట్టెయ్యలేదు. ఒక్కొక్కదానికీ విడిగా రాశాను, కడపటిదాకా.

మీ అత్త,
హేమావతి

41. సీమంతం, 2024 నవంబర్. నవ్వినవారు ఇరవై ఆరు. ముట్టింది.